పొగ వాసన ఉన్న స్ట్రాంగ్ స్కాచ్ ఏల్: రుచి చూడటం, మార్కులు వేయడం

మొదటిసారి బీరు పోటీలో జడ్జీల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు నేను వెలగబెట్టిన ఘనకార్యంతో మొదలుపెడతాను. ఇంట్లో బీరు కాచుకునే వాళ్లు పంపిన సీసాల్లో స్ట్రాంగ్ స్కాచ్ ఏల్ ఒకటి వచ్చింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆసుపత్రి వరండాలో వచ్చేలాంటి వాసన. నేను మురిసిపోయి "పీట్ పొగ అద్భుతంగా కుదిరింది" అని కాగితం మీద రాసేశాను. పక్కన కూర్చున్న పెద్దాయన ఇద్దరం మార్కులు వేసేదాకా ఆగి, అప్పుడు మెల్లగా అడిగాడు, "ఇందులో పొగ ఎక్కడుందయ్యా?" అని. నిజంగానే లేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ తీయకుండా బీరు కాస్తే వచ్చే మందుల వాసనని పట్టుకుని నేను పొగ అనుకున్నాను. పప్పులో కాలేయడమంటే అదే.

ఆ రోజు నుంచి ఈ రకం బీరు ముందుకొస్తే నన్ను నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. పొగ తీసేస్తే ఇది మంచి స్కాచ్ ఏలేనా? వచ్చేది నిజంగా పొగేనా? కింద రాసిందంతా ఆ రెండు ప్రశ్నలకి జవాబు రాబట్టే పద్ధతే.

ముందు ఆ బీరు సంగతి

స్కాట్లాండ్‌లో 19వ శతాబ్దంలో బీరుని పీపా ధర పేరుతో పిలిచేవాళ్లు, 60 షిల్లింగ్, 70 షిల్లింగ్, 80 షిల్లింగ్ అని. ఆ వరుసకి పైన ఉండే చిక్కటి, తియ్యటి, మత్తు ఎక్కువున్న బీరు ఇది. ముద్దుపేరు వీ హెవీ. స్కాట్‌ల మాటలో వీ అంటే బుల్లిది, హెవీ అంటే బరువైనది. ఎడిన్‌బరో పక్కన ప్రెస్టన్‌పాన్స్‌లో ఫౌలర్స్ అనే కంపెనీ తన బలమైన ఏల్‌ని చిట్టి సీసాల్లో పోసి అమ్మేది, ఆ పేరే చివరికి ఈ రకం మొత్తానికి అతుక్కుంది. ఇప్పటికీ దొరికే వాటిలో నాకు కొలబద్ద లాంటిది ట్రాక్వేర్ హౌస్ ఏల్. స్కాటిష్ బోర్డర్స్‌లో ఒక పాత జమీందారీ భవనం ఉంది, దాని కింద మూలపడి ఉన్న బీరు కార్ఖానాని ఆ ఇంటి యజమాని 1965లో మళ్లీ తెరిచాడు, ఇప్పటికీ ఓక్ తొట్లలోనే పులియబెడతారు, ఆల్కహాల్ 7.2 శాతం. బెల్‌హేవెన్ వీ హెవీ కాస్త తేలిక, 6.5 శాతం.

ఇప్పుడు చాలామందికి మింగుడుపడని మాట. ఈ బీరులో సంప్రదాయంగా పొగ ఉండదు. స్కాట్లాండ్ అంటే విస్కీ, విస్కీ అంటే పీట్, కాబట్టి స్కాట్లాండ్ బీరులోనూ పీట్ ఉండి తీరాలి అని అమెరికాలో కొందరు లెక్కేసుకున్నారు, ఆ లెక్క పాకిపోయింది. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా నాచూ మొక్కలూ కుళ్లి పేరుకున్న నల్లమట్టి. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో పెడతారు. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి విస్కీలకి ఆ వాసన వచ్చేది బార్లీని దాని పొగ మీద ఆరబెట్టడం వల్లే. బీరు కాచేవాళ్లకి మాత్రం పొగ లేని మాల్టే, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీయే కావాలి, అదే వాడారు. అందుకే బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్, అంటే అందరూ బీజేసీపీ అని పిలిచే సంస్థ, 2021 నియమావళిలో కూడా వీ హెవీ విభాగంలో పీట్ పొగకి చోటివ్వలేదు. పొగ పెట్టిన మాల్ట్‌తో చేసిన స్కాచ్ ఏల్ పొగ బీర్ల విభాగంలోకి వెళ్లాలి.

దీనివల్ల మీకు వచ్చే మొదటి పని ఏమిటంటే, గ్లాసు ముట్టుకునే ముందు ఆ సీసా ఏ విభాగంలో వచ్చిందో చూడటం. మామూలు వీ హెవీగా వచ్చి పొగ గుప్పుమంటే మార్కులు తగ్గుతాయి, బీరు ఎంత బాగున్నా సరే. పొగ బీరుగా వచ్చి పొగే తెలియకపోయినా అంతే. స్నేహితులతో సరదాగా తాగుతుంటే ఇదంతా పక్కన పెట్టేయొచ్చు, అది వేరే సంగతి.

ముక్కుకి పాఠం

పొగలో తేడాలు పట్టుకోవడం ఏదో విదేశీ విద్య అనుకోకండి. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకి పిడకల పొగకీ తుమ్మకట్టెల పొగకీ తేడా కళ్లు మూసుకుని కూడా తెలుస్తుంది. పొగచూరిన పాలు తాగిన నాలుక మనది, ఆ పాలలో తీపి ముందొచ్చి పొగ వెనకొస్తుంది చూడండి, మంచి పొగ స్కాచ్ ఏల్‌లో వరుస కూడా దాదాపు అదే. ఇంకో అదృష్టం, మాడు అనే మాట మనకుంది. పొగ వేరు, మాడు వేరు. నిప్పుల మీద కాల్చిన వంకాయ పచ్చడిలో వచ్చేది పొగ, అడుగంటిన పాయసంలో వచ్చేది మాడు. ఈ బీరులో మొదటిది ఉండాలి, రెండోది ఉండకూడదు.

వీలైతే అసలు పోటీకి ఒక వారం ముందు మూడు రుచులు విడివిడిగా చూసి పెట్టుకోండి. ఒకటి, పొగ లేని స్కాచ్ ఏల్: ట్రాక్వేర్ గానీ బెల్‌హేవెన్ గానీ. రెండు, బీచ్ అనే చెట్టు కట్టె పొగ: జర్మనీలోని బాంబెర్గ్ పట్టణపు ష్లెంకెర్లా మెర్‌ట్సెన్ దీనికి పెద్ద బాలశిక్ష. మూడు, పీట్: దీనికి బీరు కంటే విస్కీ మేలు, లఫ్రాయిగ్ ఒక చెంచాడు చాలు. ఇండియాలో ఉన్నవాళ్లు బెంగళూరు అమృత్ వాళ్ల పీటెడ్ తీసుకోవచ్చు, అందులో వాడేది స్కాట్లాండ్ నుంచి తెప్పించిన పీటెడ్ బార్లీయే. ఈ మూడూ ముక్కులో పడ్డాక నాలుగోది, పొగ పెట్టిన స్కాచ్ ఏల్, చాలా తేలిగ్గా అర్థమవుతుంది. ఓస్కర్ బ్లూస్ వాళ్ల ఓల్డ్ చబ్ దానికి తేలికైన ఉదాహరణ, 8 శాతం ఆల్కహాల్, బీచ్ కట్టె పొగ చిటికెడే ఉంటుంది.

బల్ల సర్దుకోవడం

సీసాని ముందురోజే ఫ్రిజ్‌లో నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగుతుంది. తాగడానికి అరగంట, ముప్పావుగంట ముందు బయట పెట్టండి. మన దగ్గర స్ట్రాంగ్ బీరు అనగానే ఐసులోంచి తీసి, పళ్లు జివ్వుమనేలా తాగడం అలవాటు. వాటిలోనూ ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది కానీ ఆ చలికి రుచి సగం దాక్కుంటుంది, దాక్కోవడమే కొన్నిటికి మంచిది కూడా. ఈ బీరుకి ఆ దాపరికం పనికిరాదు. పోసేటప్పుడు 8, 10 డిగ్రీల సెల్సియస్ ఉండి, మీరు మార్కులు వేసేసరికి 13, 14కి రావాలి.

గ్లాసు కడుపు వెడల్పుగా, మూతి ఇరుగ్గా ఉండాలి. బ్రాందీ గ్లాసు భేషుగ్గా పనికొస్తుంది. బెల్జియంలో స్కాచ్ ఏల్‌కి తిసిల్ పువ్వు ఆకారంలో ప్రత్యేకం గ్లాసే ఉంది, దొరికితే ముచ్చట, లేకపోతే లోటేం లేదు. సబ్బు వాసన మాత్రం ఉండకూడదు. గదిలో అగరుబత్తి, పక్కన వంటింట్లో తాలింపు, చేతికి శానిటైజర్, ఒంటికి సెంటు, ఇవేవీ వద్దు. గంట ముందు నుంచి కాఫీ, సిగరెట్, కారం ముట్టకండి. ఒకసారి మధ్యాహ్నం బిర్యానీ తిని వచ్చి కూర్చున్నాను, ఆ రోజు ప్రతి బీరులోనూ లవంగం కనిపించింది.

చాలా బీర్లు ఉన్నప్పుడు పొగవి ఆఖరికి పెట్టుకోండి. ఒక పొగ బీరు తాగాక నాలుగైదు బీర్ల దాకా ఆ నీడ పోదు. మధ్యలో ఉప్పులేని బ్రెడ్డు ముక్క, మామూలు నీళ్లు చాలు. ఒక్కోటి 60 నుంచి 90 మి.లీ. మించి పోసుకోకండి. జడ్జీలు ఉమ్మేయరు, మింగుతారు, ఇలాంటివి ఆరు రుచి చూస్తే తల తిరుగుతుంది. ఇంటికి బండి ఎవరు నడుపుతారో ముందే తేల్చుకోండి.

వాసన: 12 మార్కులు

బీజేసీపీ కాగితం మీద మొత్తం 50. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తెలిసే స్పర్శకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. చూపు కంటే వాసన ముందు రాయడానికి కారణం ఉంది. కొన్ని వాసనలు పోసిన అర నిమిషంలోనే ఎగిరిపోతాయి, రంగు ఎక్కడికీ పోదు.

పోయగానే ఒక చిన్న పీల్పు, అంతే. గట్టిగా గుండెల నిండా పీల్చకండి. ముక్కు పొగకి చాలా తొందరగా అలవాటు పడిపోతుంది, రెండు నిమిషాలు వదలకుండా వాసన చూస్తే ఆ తర్వాత పొగే లేదనిపిస్తుంది. అందుకే మొదటి పీల్పులో తోచింది వెంటనే రాసేయాలి. తర్వాత గ్లాసు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, చిన్నగా తిప్పి, చెయ్యి తీసి రెండో పీల్పు. ముక్కు మొద్దుబారిందనిపిస్తే మీ చొక్కా మోచేతి దగ్గర వాసన చూడండి. చూసేవాళ్లకి వింతగా ఉంటుంది గానీ పని చేస్తుంది.

ఏం వెతకాలి? ముందు మాల్ట్. బెల్లం పాకం ముదురుతున్నప్పటి వాసన, బ్రెడ్డు పైపొర, ఎండుద్రాక్ష, ఖర్జూరం. ఈ బీరుకి ఆ పాకం రుచి రావడానికి కొందరు మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టాక మొదట దిగిన చిక్కటి రసాన్ని విడిగా తీసి, సగానికి పైగా ఇగిరేదాకా మరిగించి మళ్లీ కలుపుతారు. చెరుకు రసం బెల్లం అయ్యే దారి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఈ మాల్ట్ వాసన ముందు నిలబడకపోతే, వెనక పొగ ఎంత సొగసుగా ఉన్నా, నా చేతిలో 12కి 7 దాటదు.

తర్వాత పొగ, అది ఏ కుటుంబానిదో తేల్చాలి. బీచ్, ఓక్ లాంటి కట్టెల పొగలో గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు ముందుంటాయి, వాటి వాసన చలిమంట, పొగలో ఆరబెట్టిన మాంసం, ఎండు చేపల వైపు పోతుంది. చెర్రీ కట్టెది కాస్త తియ్యగా ఉంటుంది. పీట్‌లో వీటితోపాటు క్రెసాల్స్ లాంటివి ఎక్కువ, అందుకే తడిమట్టి, తారు, టించర్ అయోడిన్ గుర్తొస్తాయి. కాచినవాడు బీచ్ అని రాసి, మీకు తారు వాసన వస్తుంటే ఎక్కడో తేడా ఉంది.

మోతాదు గురించి ఒక మాట. బీచ్ పొగ మాల్ట్ మొత్తం ధాన్యంలో మూడో వంతు వేసినా, కొన్ని బీర్లలో పూర్తిగా అదే వేసినా నడుస్తుంది. పీటెడ్ మాల్ట్ అలా కాదు, ఒకటి రెండు శాతానికే తన ఉనికి చాటుకుంటుంది. అది ఇంగువ లాంటిది. ఇంట్లో కాచే కొత్తవాళ్లు దీని దగ్గరే చెడగొట్టుకుంటారు, పొట్లం కొన్నాం కదా అని మొత్తం గుమ్మరించేస్తారు.

చూపు: 3 మార్కులు

ఇక్కడ ఎక్కువసేపు కూర్చోకండి. రాగి రంగు నుంచి ముదురు గోధుమ దాకా, వెలుతురుకి పెడితే ఎర్రటి మెరుపు, తేటగా ఉండాలి. నురగ లేత గోధుమ రంగు. ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి నురగ ఎక్కువసేపు నిలవకపోయినా తప్పు పట్టొద్దు. నల్లగా కాఫీ డికాషన్‌లా ఉంటే మాత్రం మాడు మాల్ట్ ఎక్కువ వేశాడని అనుమానించి, ఆ అనుమానం నాలుక మీద తేల్చుకోండి.

రుచి: 20 మార్కులు

ఒక మోస్తరు గుటక నోట్లోకి తీసుకుని, మూడు నాలుగు సెకన్లు నాలుకంతా తడిసేలా తిప్పి మింగండి. మింగగానే నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. పొగ అసలు రూపం ఆ వదిలిన గాలిలో తెలుస్తుంది. వాసనలో చెప్పుకోనంతగా ఉన్న పొగ ఇక్కడ రెట్టింపు అవ్వొచ్చు, అక్కడ భయపెట్టింది ఇక్కడ మెత్తబడొచ్చు.

ఇప్పుడు కాలం లెక్క వేయండి, మొదట ఏమొచ్చింది, నడుమ ఏమొచ్చింది, మింగాక ఏం మిగిలింది. నాకు నచ్చే వరుస చెప్తాను. మొదట పాకం తీపి, నడుమ ఎండుపళ్లూ బ్రెడ్డూ, వాటి మీదుగా పొగ మెల్లగా లేచి, చివర నాలుకని కాస్త పొడిగా చేసి వెళ్లాలి. ఈ బీరులో హాప్స్ (బీరుకి చేదిచ్చే పువ్వులు) చేదు తక్కువ, బీజేసీపీ లెక్కలో 17 నుంచి 35 యూనిట్లే. ఇంత తీపికి అది బొటాబొటిగా సరిపోతుంది. పొగకి వాసనిచ్చే ఫినాల్స్ అనే పదార్థాలు చివర్లో ఇచ్చే పొడిదనం ఆ చేదుకి చేయి సాయం చేస్తుంది. పొగ ఈ బీరులో సంప్రదాయం కాకపోయినా ఎందుకు కుదురుతుందంటే నా లెక్కలో కారణం ఇదే, విస్కీ బంధుత్వం కాదు.

పొగ మొదటి క్షణమే వచ్చి మిగతావన్నీ కప్పేస్తే తప్పు. బూడిద నాకినట్టుంటే పెద్ద తప్పు. కాలిన రబ్బరు, ప్లాస్టిక్ తగిలితే ఇంక మాట్లాడేదేముంది, రుచికి 20లో 8 వేసి కారణం రాయండి.

పొగ వేషం వేసుకొచ్చే దొంగలు

నా మొదటి రోజు పరువు తీసింది క్లోరోఫినాల్. కుళాయి నీళ్ల క్లోరిన్, మాల్ట్‌లోంచో ఈస్ట్ వల్లో వచ్చే ఫినాల్స్‌తో కలిస్తే అది పుడుతుంది, లీటరుకి మైక్రోగ్రాముల్లో ఉన్నా ముక్కు పట్టేస్తుంది. డెట్టాల్‌లో ఉండే క్లోరోజైలినాల్ కూడా ఆ కుటుంబానిదే, అందుకే ఆ ఆసుపత్రి వాసన. పీట్‌లోనూ మందుల వాసన ఉంటుంది కదా, మరి విడదీసేదెలా? పీట్ ఒంటరిగా రాదు, తడిమట్టినీ, ఆరిపోయిన పొయ్యినీ వెంటబెట్టుకొస్తుంది. క్లోరోఫినాల్ వెంట ఎవరూ ఉండరు, పల్చగా, ప్లాస్టిక్ లాగా, గొంతు వెనక అతుక్కుని కూర్చుంటుంది. బీరు వెచ్చబడేకొద్దీ పీట్ మాల్ట్‌లో కలిసిపోతుంది, ఇది ఇంకా ఎగదోస్తుంది. అనుమానం ఉంటే పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి.

రెండోది, చచ్చిన ఈస్ట్. బలమైన బీరుని మడ్డి మీద మరీ ఎక్కువకాలం ఉంచితే సోయా సాస్, మాంసం రసం లాంటి రుచి వస్తుంది, దాన్ని పొగ మాంసం అనుకుని మెచ్చుకున్న వాళ్లని చూశాను. తేడా ఏంటంటే దాంట్లో ఉప్పు ఛాయ ఉంటుంది గానీ పొగ చివర ఉండే పొడిదనం ఉండదు. మూడోది లవంగం వాసన, అది అడవి ఈస్ట్ పని. ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తే మరిగించడం చాలలేదని అర్థం. పొగ ఉన్నప్పుడు అదే కాల్చిన పొత్తులా కమ్మగా అనిపించి మోసం చేస్తుంది, జాగ్రత్త. వెన్న వాసన వస్తూ నాలుక అంగిలి మీద జారుతున్నట్టుంటే అది డయాసిటిల్ అనే పదార్థం పని. తడి అట్టపెట్టె వాసన గాలి తగిలిన బీరుది, కాకపోతే నాలుగైదేళ్ల పాత సీసాలో వచ్చే షెర్రీ లాంటి ఎండుపళ్ల వాసన కూడా గాలి వల్లే వస్తుంది, అది కొద్దిగా ఉంటే నేను మార్కులు తీయను, ఒక్కోసారి వేస్తాను కూడా.

స్పర్శ 5, అభిప్రాయం 10

చిక్కగా ఉండాలి, బంక కాకూడదు. గ్యాస్ ఓ మోస్తరు. ఆల్కహాల్ ఛాతీలో వెచ్చగా తెలియాలి గానీ గొంతులో మండకూడదు, మంటతో పాటు గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వస్తే పులియబెట్టేటప్పుడు వేడి ఎక్కువైందని రాయొచ్చు. పొగ వల్ల నాలుక కొద్దిగా పట్టేసినట్టుంటే ఫర్వాలేదు, పచ్చి అరటికాయ కొరికినట్టుంటే కాదు.

అభిప్రాయం రాసేముందు ఇంకో పది నిమిషాలు గ్లాసుని వదిలేయండి. 14 డిగ్రీలకి వచ్చాక ఒక గుటక వేసి, ఊహలో పొగని తీసేసి చూడండి. మిగిలినది పూర్తి బీరుగా నిలబడుతోందా, లేక వట్టి తియ్యటి నీళ్లేనా? నిలబడితే పది మార్కుల్లో ఏడు అక్కడే వచ్చేశాయి. ఇప్పుడు పొగని మళ్లీ పెట్టండి, బీరు మెరుగైందా, అలాగే ఉందా, దిగజారిందా? మిగతా మూడు దానికి.

మొత్తం కూడండి. 45కి పైన అంటే చాలా అరుదు, 38 నుంచి 44 అద్భుతం, 30 నుంచి 37 చాలా బాగుంది, 21 నుంచి 29 బాగానే ఉంది గానీ లోపాలున్నాయి. జడ్జీలు మార్కులు రాసేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు, కనుబొమ్మలు కూడా ఎగరేయకూడదు. రాశాక తేడా ఏడు మార్కుల కంటే ఎక్కువుంటే కూర్చుని మాట్లాడుకుని దగ్గరికి రావాలి. నా 41కీ ఆ పెద్దాయన 22కీ మధ్య జరిగిన మాటలు నాకింకా గుర్తే.

కాగితం మీద "పొగ ఎక్కువైంది" అని మాత్రం రాసి వదిలేయకండి, కాచినవాడికి అది దేనికీ పనికిరాదు. "పీట్ మొదటి గుటకలోనే పాకం రుచిని కప్పేసింది, వచ్చేసారి పీటెడ్ మాల్ట్ సగానికి తగ్గించండి, లేదా బీచ్ పొగ మాల్ట్‌కి మారండి" అని రాస్తే వాడు రేపు చేయగలిగిన పని ఒకటి దొరుకుతుంది. క్లోరోఫినాల్ అయితే ఇంకా తేలిక, క్లోరిన్‌ని విరిచే కాంప్డెన్ బిళ్ల ఒకటి చెప్పండి, 75 లీటర్ల నీళ్లకి ఒక్కటి చాలు.

ఇంట్లో తాగినప్పుడైతే ఆ గ్లాసు అప్పుడే కడిగేయకండి. రాత్రంతా బల్ల మీద వదిలేసి పొద్దున్నే వాసన చూడండి. ఆల్కహాల్, పళ్ల వాసనలు అన్నీ ఎగిరిపోయి అడుగున పొగ ఒక్కటే మిగిలి ఉంటుంది, చల్లారిన పొయ్యి లాగానో, వాన పడిన మట్టి లాగానో. నిన్న రాత్రి కట్టెకీ పీట్‌కీ మధ్య ఎటూ తేల్చుకోలేకపోయిన సీసాలని నేను చాలావరకు ఇలాగే, పళ్లు తోముకునే ముందు తేల్చుకుంటాను.